ముందు గది కిటికీ

వన్‌టౌన్‌లోని ఆ ఇటుక ఇంట్లో మేము తొమ్మిదేళ్లు అద్దెకున్నాం. నాన్నకి పోర్టులో ఉద్యోగమొచ్చి గోదావరి జిల్లా నుంచి దిగినప్పుడు దొరికినవి వెనకవైపు రెండు గదులు. ముందు భాగమంతా అత్తరు కొట్టు వాళ్లది. వాళ్లమ్మాయి నా క్లాసే. అదంటే నాకు చెప్పలేనంత కుళ్లు.

కుళ్లంతా వాళ్ల ముందు గది కిటికీ గురించే. సున్నంతో కట్టిన మూరన్నర మందం గోడ. ఆ మందంలోనే, కమాను కింద, కాళ్లు చాపుకుని కూర్చునేంత చోటు. అక్కణ్ణించి హార్బర్‌లోకి వచ్చే ఓడలు కనిపించేవి. మా గదుల్లోంచి కనిపించేది పక్కింటి గోడ. ఉప్పుగాలికి మా వైపు ఇటుక పొడి రాలి పప్పులో పడేది. రోజూ సాయంత్రం హోంవర్కు పేరు చెప్పి వాళ్లింటికి వెళ్లేదాన్ని. అది జరిగి చోటిస్తే దానికీ మండేది నాకు. ఇవ్వడానికి దాని దగ్గరుంది కదా!

ఈ మధ్య ఆ ఇంటిని వారసత్వ కట్టడంగా బాగుచేసే ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలతలు తీసుకున్నారు. పాత వాళ్లని పిలిచి, ఏ గదిలో ఎవరుండేవారో ప్లాన్ మీద రాస్తున్నారు. ఇప్పుడుంటున్న ఉక్కునగరం నుంచి రెండు బస్సులు మారి వెళ్లాను. కిటికీ గది చూపించి ఒకమ్మాయి, "ఇక్కడ ఎవరుండేవారండీ?" అంది.

"మేమే" అన్నాను. నోరు జారలేదు, కావాలనే అన్నాను. ఆ పిల్ల ప్లాన్‌లో ముందు గది మీద మా ఇంటిపేరు రాస్తుంటే కడుపు నిండిపోయింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అది, అత్తరు కొట్టు వాళ్లమ్మాయి! దానికీ కబురు వెళ్లిందన్నమాట. అంతా వింది.

"ఔనమ్మా, ఆళ్లే ఉండీవోరు" అంది ఆ విద్యార్థినితో. "మేం ఎనకాల ఉండీవోళ్లం. రాసుకో."

తరవాత నా చెయ్యి పట్టుకుని, "ఏటే, ఇలా సిక్కిపోయేవేటి? రా, టీ తాగుదాం" అంది. కిటికీ మాటే ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. గదే కాదు, దాన్ని అంత తేలిగ్గా ఇచ్చెయ్యగలిగే మనసు కూడా దేవుడు దానికే ఇచ్చాడు. టీ తాగుతున్నంతసేపూ కుళ్లుకుంటూనే ఉన్నాను.

ఆ ప్లాన్ ఇప్పుడు గేటు పక్కన అద్దంలో పెట్టారు. మూడు తరాలుగా ముందు గదిలో కాపురమున్న వాళ్లు అందులో వెనక గదుల్లో ఉన్నారు. సరిచెయ్యమనడానికి ఒక్క ఫోన్ చాలు. నంబరు నా దగ్గరుంది. చెయ్యలేదు.