సున్నపు తొట్ల కొక్కేలు

ముప్పై ఏళ్లలో ఆయన చెప్పింది తప్పయింది ఒక్కసారే. అదీ సొంత తమ్ముడి విషయంలో.

ఆయనది పాత ఇనుము కొట్టు. పుట్టింది కమ్మరి ఇంట్లో. తండ్రి కొలిమి ఆరిపోయాక సుత్తి పోయి చేతికి తక్కెడ వచ్చింది గానీ, ఇనుము మీద చూపు మాత్రం పోలేదు. అటక మీద దొరికిందనో, గోడ పగలగొడితే బయటపడిందనో, పేరు తెలియని పనిముట్లు పట్టుకుని జనం ఆయన దగ్గరికి వచ్చేవారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బొటనవేలితో అంచు తడిమి, "ఇది గుర్రం గిట్ట చెక్కేది", "ఇది పీపా చెక్కలు బిగించేది" అని చిటికెలో తేల్చేసేవాడు. వీధివాళ్లు 'ఇనుప జోస్యుడు' అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేవాడు కానీ, ఆ పేరంటే లోలోపల ఎంత మురిపెమో! 'తెలియదు' అనే మాట మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు. అంటే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు.

భార్య పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. రెండు పూటలా భోజనం తమ్ముడి ఇంట్లోనే. తమ్ముడూ మరదలూ ఇద్దరూ తోళ్ల కార్ఖానాలో పనిచేసేవాళ్లు. అతను తోళ్ల వెంట్రుకలు ఊడేలా నానేసే లోతైన సున్నపు తొట్ల దగ్గర, ఆమె తోళ్లు ఆరేసే పెరట్లో.

ఒకరోజు తమ్ముడు గోనెపట్టాలో చుట్టి ఒక కొక్కెం తెచ్చాడు.

"అన్నయ్యా, తొట్ల దగ్గర గోడకి ఇలాంటివి ఆరున్నాయి. ఎందుకో మాలో ఒక్కడికీ తెలీదు. కొత్త మేనేజరు పాత సామానంతా తీసెయ్యమంటున్నాడు. ఆగండి, మా అన్నయ్యని అడిగి చెప్తా అన్నాను."

సమ్మెటతో సాగగొట్టిన ఇనుము. ఇంచుమించు మనిషంత పొడుగు కడ్డీ. ఒక చివర వెడల్పాటి వంపు. దాని కొనని లోపలికి చుట్టి, ఎక్కడా గుచ్చుకోకుండా నున్నగా అరగదీశారు. రెండో చివర పలకగా, అడ్డంగా మడిచి ఉంది.

"తోలు లాగే కొక్కెం" అన్నాడు జోస్యుడు, గ్లాసులో టీ చల్లారకముందే. "కొన మొద్దుగా ఎందుకుందంటావు? తోలు చిరక్కుండా. ఆ మడత గోడకి తగిలించుకోడానికి."

"లాగడానికి ఇప్పుడు మోటారుందిగా. అయితే ఇవి దండగే."

"దండగే. తెచ్చి నా కొట్లో పడెయ్యండి."

నిజానికి ఆయనకి అనుమానం వచ్చింది. తోలు లాగడానికి అంత వెడల్పు వంపు ఎందుకు? తండ్రే బతికుంటే కార్ఖానా దాకా వెళ్లి, అవి వేలాడిన చోటు చూసి, అప్పుడు నోరు విప్పేవాడు. ఈయనకి నాలుగడుగులు వేయడానికి బద్ధకం. తమ్ముడి ముందు తెలియదనడానికి నామోషీ. ఆరు కొక్కేలూ కొట్లోకి వచ్చేశాయి.

ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆ ఘోరం జరిగింది. మిట్టమధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్లిన వేళ, మడ్డి కలియబెడుతున్న తమ్ముడు ఆ ఘాటుకి కళ్లు తిరిగి తొట్టిలో పడ్డాడు. అతన్ని అన్నానికి పిలవడానికి వచ్చిన మరదలు కళ్లారా చూసింది. కేకలు పెట్టింది. ఆపకుండా వదిలేసిన మోటార్ల మోతలో ఎవరికీ వినపడలేదు. కలియబెట్టే కర్ర అందించింది. అతని చెయ్యి కర్రని తాకింది గానీ పట్టుకునే సత్తువ లేకపోయింది. పరుగున వెళ్లి మనుషుల్ని తెచ్చేసరికి అతను మునిగిపోయాడు.

శవం కోసం వెళ్లినప్పుడు జోస్యుడు ఆ తొట్లని మొదటిసారి చూశాడు. ఆరు తొట్లు. ఒక్కో తొట్టి రాతి గట్టుకీ ఒక్కో గాడి, ఇనుము ఒరిపిడికి పలకగా అరిగిపోయింది. వేళ్లు పెట్టి కొలిచాడు. కొక్కెం మడత అంత వెడల్పే. కొట్టుకి వచ్చి కొక్కెం వంపుని తన చంక కిందికి పెట్టుకుని చూశాడు. చొక్కాకి కొలత తీసినట్టు సరిపోయింది.

రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ దుఃఖంలోనూ మరదలే కంచం పట్టుకుని వచ్చింది. "పోయినవాడితో పాటు మీరూ పోతారా బావగారూ? నాకిక మిగిలింది మీరేగా. రెండు ముద్దలు తినండి." ఆయన కంచం పక్కకి పెట్టేశాడు. నిజం చెబితే ఈ మనిషి కూడా దక్కదని ఆయన భయం.

గోడకి ఏవో కొక్కేలు ఉండేవని ఎవరో చెప్పారట, విచారణకి అధికారి వచ్చాడు. విచారణకి ముందురోజు మేనేజరు కొట్టుకి వచ్చి, "అప్పుడు చెప్పిందే చెప్పండి పెద్దాయనా. పాపం, మీ మరదలికి కొత్త బాధ ఎందుకు?" అన్నాడు. ఎక్కడ నొక్కాలో బాగా తెలిసిన మనిషి!

తొట్ల దగ్గరే విచారణ పెట్టారు. మరదలు బల్ల మీద కూర్చుని ఉంది. అధికారి కొట్టు నుంచి తెప్పించిన కొక్కెం చూపించి, ఇదేమిటని అడిగాడు. జోస్యుడు దాన్ని తీసుకెళ్లి, మడతని గట్టు గాడిలో పెట్టాడు. కదలకుండా కూర్చుంది.

"పడ్డ మనిషి చంక కింద ఈ వంపు వెయ్యాలండి. ఒంట్లో గుచ్చుకోకూడదనే కొన మొద్దుగా చేశారు. ఈ మడత గాడిలో పడితే మనిషి మునగడు. తోళ్లవని చెప్పి వీటిని తీయించింది నేనే. అనుమానం రాకపోలేదు. తెలీదని చెప్పడానికి సిగ్గేసింది."

మేనేజరు తల దించుకున్నాడు. మరదలు లేచి వచ్చింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె కొక్కేన్ని చేత్తో ఎత్తి చూసింది.

"బావగారూ, దీన్ని వెయ్యడానికి ఎంతమంది కావాలి?"

నలుగురు మగవాళ్లు కావాలని ఒక్క అబద్ధం ఆడితే ఆమెకి కాస్త నిద్ర పట్టేది. ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.

"ఒక్కరు చాలమ్మా."

"ఆడమనిషైనా?"

"ఆడమనిషైనా. తగిలించేసి, వెళ్లి మనుషుల్ని పిలుచుకురావచ్చు. దీన్ని ఇలా చేసింది అందుకే."

ఆమె ఆ రోజు తను నిలబడ్డ చోటికి వెళ్లి, గట్టు మీద మోకాళ్లు ఆనించి, కొక్కేన్ని అతను మునిగిన చోటికి, సున్నపు నీళ్లలోకి చాపింది. అందింది.