కింది రాయి దిక్కు

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన మరుసటేడు, నాన్నగారు పిన్నిని పెళ్ళి చేసుకుని తీసుకొచ్చారు. కొవ్వూరు దాటాక నల్లరాయి క్వారీలున్న ఊరు మాది. నాన్నగారు అక్కడే మేస్త్రీ. పిన్ని మంచిదే. నాకు అన్నం పెట్టకుండా తను ముద్ద ముట్టేది కాదు. కానీ మా నాయనమ్మకి పొద్దున లేస్తే ఒకటే పోరు, "అమ్మా అని పిలవ్వే, నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని. నాకు నోరు పెగిలేది కాదు. ఆ పిలుపు ఈవిడకి ఇచ్చేస్తే మా అమ్మ ఇక ఎక్కడా ఉండదని నా భయం. అప్పటికే అమ్మ మొహం కొంచెం కొంచెంగా మసకబారుతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ వేసవిలో మా అరుగు గదిలోకి యూనివర్సిటీ నుంచి ఒకాయన అద్దెకు దిగారు. ఊరంతా ఆయన్ని రాళ్ళ మాస్టారనేవారు. క్వారీలో రాయి కొట్టించే ముందు దాని మీద దిక్సూచి పెట్టి, ముల్లు ఎటు చూస్తే అటు సుద్దముక్కతో బాణం గీసేవారు. ఉలి పడేది ఆ తర్వాతే. ఇంటికొచ్చాక తీరిగ్గా ఆ బాణాల మీద రంగు దిద్దుకునేవారు.

ఒక శుక్రవారం, ఇంకా రంగు దిద్దకముందే, పిన్ని అరుగు కడుగుతూ ఆ రాళ్ళని కూడా శుభ్రంగా కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేసింది. అంత పెద్దమనిషి ఉత్త రాళ్ళు మోసుకొస్తారా, ఏ దేవుడో ఏమో అనుకుందిట. మాస్టారు వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. నాయనమ్మ అందుకుంది. "రాయి కనిపిస్తే చాలు పసుపు పూసెయ్యడమేనా తల్లీ! రేపు రుబ్బురోలుకి చీర కడతావా?" పిన్ని కళ్ళనిండా నీళ్ళు. మాస్టారే నవ్వేసి, "పోనీలెండి మామ్మగారూ, నా రాళ్ళకీ పేరంటం జరిగింది. మళ్ళీ కొట్టించుకుంటాను" అన్నారు.

మర్నాడు నాన్నగారికి క్యారేజీ పట్టుకెళ్తూ పిన్ని నన్ను కూడా తీసుకెళ్ళింది. బాణం చెరిగిపోతే అంత నష్టమేంటండీ అని అక్కడున్న మాస్టారిని భయపడుతూనే అడిగింది. ఆయన మమ్మల్ని క్వారీ గోడ ముందు నిలబెట్టారు. అడుగున ఒక నల్లరాతి పొర, దాని మీద నత్తగుల్లలు ఇరుక్కున్న తెల్లని పొర, ఆ పైన మళ్ళీ నల్లరాయి. నల్లవి రెండూ ఒకప్పుడు భూమిలోంచి పొంగి, బెల్లం పాకంలా పారిన నిప్పుముద్దలట. చల్లారి గట్టిపడేటప్పుడు, ఆనాటి భూమి అయస్కాంతం ఎటు చూపిస్తే ఆ దిక్కు రాతిలోని ఇనుప రవ్వల్లో నిలిచిపోతుందట. గోడలో ఆ రాయి ఎటు తిరిగి ఉండేదో బాణం చెబితేనే, లోపలి దిక్కు ఏదో తేలుతుంది. అడుగు పొర రాళ్ళని ఆయన ముందే యంత్రంలో పెట్టి చూశారు. వాటిది దక్షిణం. అంటే ఆ కాలంలో దిక్సూచి ఉండుంటే, ఇప్పుడు ఉత్తరానికి తిరిగే ముల్లు దక్షిణానికి తిరిగేదన్నమాట. తర్వాత ఎన్ని వేల ఏళ్ళకో భూమి అయస్కాంతమే తిరగబడింది. ఆ తర్వాత పారిన పై పొర ఉత్తరం పట్టుకుంది.

నేను గోడ వంకే చూస్తూ అడిగాను. "పైది అంత వేడిగా వచ్చి మీద పడింది కదండీ, కిందది తన దిక్కు మర్చిపోలేదా?"

"వేడి తగిలిన చోట పైపైన కాస్త మారుతుందమ్మా. లోతుకి పోదు. దాని దిక్కు దానిది, దీని దిక్కు దీనిది. రెండూ నిజమే."

మాస్టారు రాళ్ళ గురించే చెప్పారు. పిన్ని మాత్రం నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. తిరిగొచ్చేటప్పుడు తాటితోపు దగ్గర ఆగి, ఊడిపోతున్న నా రిబ్బను ముడేస్తూ అంది, "నన్ను పిన్నీ అనే పిలువు నాన్నా. మీ అమ్మ ఎలా ఉండేదో చెప్పు, నేనూ వింటాను." ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాను. చెబుతుంటే, మసకబారిన అమ్మ మొహం మళ్ళీ తేటపడింది. ఆ సాయంత్రం నాయనమ్మ పోరు మొదలెట్టగానే పిన్ని, "దాన్ని అడక్కండి అత్తయ్యగారూ" అని మెల్లిగా ఆపేసింది.

వానలు పడ్డాక ఒకరోజు పిన్ని జడ వేస్తుంటే చిక్కు పడి, "అబ్బా, మెల్లిగా అమ్మా" అనేశాను. దువ్వెన ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

ఏళ్ళు గడిచి, నా కొడుకు పెళ్ళయి మా ఇంటికి కోడలు వచ్చిన రోజు చుట్టాలు నన్ను చూపించి, "ఇక ఈవిడే నీకు అమ్మ" అన్నారు. ఆ పిల్ల తల వంచేసుకుంది. "తనకి వాళ్ళమ్మ ఉందర్రా, నన్ను అత్తయ్యా అంటే చాలు" అన్నాను. అందరూ వెళ్ళాక పక్కన కూర్చోబెట్టుకుని, మీ అమ్మ ఏ కూర బాగా చేస్తుందమ్మా అని అడిగాను.