హులిగమ్మ ఎక్కిన మెట్లు

నందవరం హులిగమ్మది పుట్టుకతోనే భారీ ఒళ్లు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో ఆరేళ్లుగా పనిచేస్తోంది. బండ్ల మీద వచ్చిన పత్తిని గంపకెత్తుకుని, ఇరవై నాలుగు మెట్లెక్కి, పైన యంత్రాల దగ్గర కుమ్మరించడం ఆమె పని.

1941లో యుద్ధం మూలాన సరుకు కదలడం లేదని యజమాని కూలీలను తగ్గించమన్నాడు. మేస్త్రీ తిమ్మన్న ఆడవాళ్లకు ఒక పరీక్ష పెట్టాడు. గంపతో పదిసార్లు మెట్లెక్కి దిగాలి. మధ్యాహ్నం మిల్లు సైరన్ కూసేలోగా ముగించినవాళ్లకే పని.

బక్కపలచని లక్ష్మక్క ఉడుతలా ఎక్కి దిగింది. హులిగమ్మ ఏడోసారి దిగి రొప్పుతూ ఉండగానే కూత వినిపించింది.

"ఒళ్లు పెంచితే సాలదు మే. రేపట్నుంచి రావద్దు," అన్నాడు తిమ్మన్న.

హులిగమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. తిన్నగా పోయి పత్తి బేళ్లు తూచే కాటా మీద నిలబడింది.

"తూకం సూడన్నా."

ఎనిమిది మణుగులు, ఇప్పటి లెక్కలో దాదాపు తొంభై కిలోలు. లక్ష్మక్కను పిలిచి నిలబెడితే నాలుగే.

"సూసినావా? లక్ష్మక్క మోసింది నాలుగు మణుగుల ఒళ్లు. నేను మోసింది ఎనిమిది. ఆ ఎక్కువ నాలుగు మణుగులు నీ యీపున కట్టుకోని ఎక్కు. నా మాదిరి ఏడుసార్లు ఎక్కితివా, నేనే మా ఊరికి పోతా."

ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తిమ్మన్న ముఖం మాడిపోయింది.

"కాటా మాటలు నాకొద్దు. పదంటే పదే."

"పైకి సేరల్సింది పత్తినా, నా కాళ్లా? లక్ష్మక్క మళ్లీ పది గంపలు ఎక్కించనీ. ఆమె ముగించేలోగా నా పది గంపలు పైన ల్యాకుంటే ఎల్లగొట్టు."

అంతమంది ముందు కాదనలేక తిమ్మన్న సరేనన్నాడు. సంగటి తినేటప్పుడు లక్ష్మక్క గొంతు తగ్గించి, "అక్కా, నేను మెల్లగా ఎక్కుతాలే," అంది.

"మెల్లగా ఎక్కితివంటే నీతో మాట్లాడను."

తిండి ముగిశాక హులిగమ్మ ఒకదానిపై ఒకటి రెండు గంపలు నెత్తికెత్తించుకుంది. మెడ కదల్లేదు. ఒక్కో మెట్టు మీద పాదం పూర్తిగా ఆనించి ఎక్కింది. లక్ష్మక్క పక్కనుంచి రెండుసార్లు దాటిపోయినా వేగం పెంచలేదు. హులిగమ్మ ఐదోసారి ఎక్కి పదో గంప పైన కుమ్మరించేసరికి లక్ష్మక్క తొమ్మిదో గంపతో మెట్ల నడుమ ఉంది.

తిమ్మన్న తల ఎత్తకుండానే పనిలో ఉంచేవాళ్లలో ఆమె పేరు రాసుకున్నాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు హులిగమ్మ ఆ మెట్లే ఎక్కింది. మోకాళ్లు నొచ్చిన రోజుల్లో కూడా ఒక గంప తగ్గించమని అడగలేదు. తొందరపెట్టినవాళ్లకు మాత్రం దారిచ్చేది కాదు.