ఎవరూ రాయని రూల్స్

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదోనిలోనే, నాన్న పత్తి అంగడి మేడ మీద కూర్చుని పనిచేసేదాన్ని. పత్తి రేట్లు చూపే మా కంపెనీ యాప్ క్లౌడ్‌లో ఒక క్లస్టర్ మీద, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు మీద నడుస్తుంది. దానిలోకి ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పేవి ఫైర్‌వాల్ రూల్స్. ఒక ఉదయం చూస్తే, మాలో ఎవరూ రాయని రూల్స్ కొన్ని కనిపించాయి. పేర్ల నిండా అర్థంలేని అక్షరాలు, అంకెలు. ఇది హ్యాకర్ల పనేనని తేల్చేసి, కంపెనీని కాపాడుతున్నానన్న గర్వంతో అన్నీ చెరిపేశాను.

కాసేపటికి కింది నుంచి నాన్న కేక. "పాపా! యాప్‌లో రేట్లే రాల్యా! ఆడ మార్కెట్ యార్డులో వేలం మొదలైపాయ!"

నాన్నకే కాదు, బజారులో ఎవరికీ రావడం లేదట. వెంటనే మా మేనేజర్‌కు ఫోన్ చేశాను.

"అయ్యో, అవి క్లస్టర్ తనంతట తానే రాసుకునే రూల్సమ్మా! నిన్నెవరు తీయమన్నారు?" అని మొత్తుకున్నాడాయన. వాటిని మళ్లీ పెట్టించేసరికి వేలం సగం అయిపోయింది.

సంగతంతా విని నాన్న అంగడి వాకిట్లో వేలాడే నిమ్మకాయ, మిరపకాయల దండ వైపు చూశాడు. ప్రతి శనివారం ఎవరో వచ్చి, మేం అడక్కుండానే దాన్ని కట్టిపోతాడు. నాన్న అమ్మను పిలిచాడు.

"ఏమే, ఈ పిల్లను ఆ దండ దగ్గరికి రానియ్యాకు. ఎవరు కట్టినారో తెలీదని అది గూడా పీకేస్తాది!"

ఇప్పుడు నాకు తెలియని రూల్ కనిపిస్తే, నలుగురిని అడిగేదాకా ముట్టుకోను. అయినా శనివారం వస్తే అమ్మ నా మీద ఒక కన్నేసే ఉంచుతుంది.