కృష్ణబిలం గురించి బాపు అడిగింది

మా బాపు కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్న ఏడాదే నాకు జగిత్యాలలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. పొద్దున్నే ఆయనకు ఒళ్లు తుడిచి, కసరత్తు చేయించి, కోరుట్లలో బస్సెక్కేదాన్ని. పగలంతా మా అమ్మ చూసుకునేది. సాయంత్రం వచ్చాక ఆయన మంచం పక్కన కూర్చుని మర్నాటి పాఠం చదువుకునేదాన్ని. గొంతెత్తి చదివితే తప్ప నా బుర్రకు ఏదీ ఎక్కదు.

ఆపరేషన్ చేసిన డాక్టర్ మొదటి రోజే నన్ను వరండాలోకి పిలిచాడు. వెన్నుపాము తెగిపోయిందని, ఇక నడవడని చెప్పాడు. లోపలికి వస్తే బాపు నా మొహమే చూస్తున్నాడు. "మూడు నెలలల్ల లేస్తవన్నరు బాపూ" అనేశాను. నా నోట్లో మన్ను పడ!

ఆ ఒక్క అబద్ధాన్ని నెలకు నెల పొడిగిస్తూ నిలబెట్టడానికి ఎన్ని తిరుగుళ్లో. సిరిసిల్ల దగ్గర నూనె మర్దన చేసే ముసలాయన దగ్గరికి వారం వారం ఆటోలో తీసుకెళ్లాను. లేచి నడిచాక వేములవాడ రాజన్న గుడి చుట్టూ కోడెను తనే పట్టుకుని తిప్పుతానని బాపు మొక్కుకున్నాడు. ఎవరైనా చూడవస్తే, "గీ బొటనవేలు కదులుతున్నది, సూడుండ్రి" అనేవాడు. అది ఎన్నడూ కదల్లేదు. "అవును, కదిలింది" అని నేనూ వంత పాడేదాన్ని, సిగ్గులేని దాన్ని.

సైన్స్ డేకి పిల్లలకు కృష్ణబిలాల గురించి చెప్పమన్నారు. మహా నక్షత్రం చచ్చి తనలోకి తానే కుంగిపోతే మిగిలేదది, వెలుతురును కూడా బయటికి పోనివ్వదు అని చదువుతుంటే బాపు తల తిప్పాడు.

"అండ్ల పడేటోనికి ఎట్లుంటది పంతులమ్మా?"

"బరువు తెల్వది బాపూ. తేలినట్టుంటది."

"గది నిజమే. చెట్టు మీంచి పడంగ నా పానం దూది లెక్క అయింది. నొప్పి పడుట్ల లేదు బిడ్డా, నేలల ఉన్నది."

నాకు పేజీలు పట్టిన సంగతి ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఎంత గర్వమనిపించిందో! ఆ ఊపులో ఒళ్లు మరిచి చెప్పుకుపోయాను.

"దానికో హద్దుంటది బాపూ. దాటితే ఎనుకకు తొవ్వ లేదు, ఎంత కొట్టుకున్నా లోపలికే. చిత్రమేందంటే, బాగా పెద్ద బిలమైతే దాటేటోనికి దాటినట్టే తెల్వది."

"బోర్డు గిట్ల పెట్టరా?" అని నవ్వాడు.

"ఏమీ ఉండదు."

"మరి బయట నిలవడి సూసేటోళ్లకు?"

"లెక్క గట్టినోళ్లకు ఎరికే. కానీ వాళ్ల కండ్లకు ఆయన హద్దు కాడ ఆగినట్టే కనవడతడు. ఎర్రవడి, మసకవట్టుకుంట..."

అక్కడికి గాని నేనేం మాట్లాడుతున్నానో నాకు తెలియలేదు. బాపు నవ్వు ఆగిపోయింది. దుప్పటి కింద కాళ్ల వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"నీకు ఎన్నడెరుక బిడ్డా?"

ఇంకో అబద్ధం ఆడొచ్చు. ఏడాదిగా ఆడుతున్నదే కదా. కానీ ఆ కళ్ల ముందు ఆడలేకపోయాను.

"మొదటి దినమే."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "గందుకే గా సిరిసిల్లాయన నా మొఖం సూసి మాట్లాడకపోతుండే" అని మాత్రం అన్నాడు. నేను వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

తెల్లారి రోజూలాగే కసరత్తుకు ఆయన చంకల కింద చేతులు పెట్టి లేపబోయాను. నా చేతులు పట్టుకుని మెల్లగా పక్కకు తీశాడు.

"ఒద్దు బిడ్డా. నీ నడుమన్న మిగలనీ."