బురద పోవాలి, కంకర ఉండాలి

నిన్న మలంచా రోడ్డు మీద వాన వెలిశాక ఒక ట్రాక్టరు పొగ వదులుతూ పోయింది. తడి ఎర్రమట్టి వాసన, డీజిలు కంపు కలిసి ముక్కుకు తగిలేసరికి ఆటో ఎక్కబోతున్నదాన్ని ఆగిపోయాను. అప్పన్న బాబాయ్ గుర్తొచ్చాడు! ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ రోడ్లు చూసే సెక్షనులో ట్రాక్టరు డ్రైవరు. తొంభైల మొదట్లో, రైల్వేలో పనిచేసే నాన్న పోయాక ఆ సెక్షనులోనే నాకు ఖలాసీ ఉద్యోగమిచ్చారు. పనేమిటంటే, ఆఫీసులో మంచినీళ్లు అందించడం. ఒళ్లు మండిపోయేదనుకోండి.

కాలనీలో ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు సందులన్నీ అప్పట్లో కంకర రోడ్లు. గట్టివాన పడితే మట్టి కొట్టుకొచ్చి మేట వేసేది. ఏదో చలిదేశంలో ట్రాక్టరుకు రేకు బిగించి కంకర రోడ్డు మీది మంచు తోసేయడం బాబాయ్ టీవీలో చూశాడట. "ఆళ్లకి మంచు, మనకి బురద. తేడా ఏటున్నాది?" అంటూ పాత ఇనపరేకుతో బ్లేడు చేయించాడు. అది కంకరకు రెండు వేళ్ల ఎత్తున నడవాలి. గుమ్మాల దగ్గర పైకెత్తాలి, లేకపోతే వాకిట్లో బురదగట్టు పడి తిట్లు తినాలి. నేనూ నడుపుతానంటే ఆరు నెలలు నేర్పాడు నాకు. మా సెక్షను ఇన్‌స్పెక్టరు గారు ఒకటే అన్నారు: "ఒక సందులో బురద తీసి చూపించు. రోడ్డు చెడితే మళ్లీ మంచినీళ్లే."

ఆ ఉదయం సీటెక్కితే, అబ్బ, గుమ్మాల నిండా జనం. "అమ్మీ, దూరం సూడు," అంటూ బాబాయ్ పక్కనే నడుస్తున్నాడు. ఎర్రబురద చాపలా చుట్టుకుని పక్కకు పోతుంటే ఈల వేయాలనిపించింది. ఆ సంబరంలో ఒక గుమ్మం దాటగానే బ్లేడు విసురుగా దించేశాను. బారెడు కంకర పెళ్లగించుకొచ్చింది.

పారతో మళ్లీ పరిచి, దిమ్మిసతో కొట్టాను. పైకేమీ తెలియడం లేదు. "చెప్పమంటావా బాబాయ్?" అన్నాను. "నువ్వు తీసిన రోడ్డు, నీ ఇష్టం," అని బీడీ ముట్టించాడు. భలే కోపమొచ్చింది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు, ఆ చోటు దాటేశారు కూడా. "ఠీక్ హై," అన్నారు. నా నోరు ఊరుకోదే! "సర్, అక్కడ కంకర లేపేశాను. మళ్లీ వాన పడితే గుంటవుతుంది."

ఆయన వెనక్కొచ్చి బూటుతో నొక్కి చూశారు. "ఏమంటావు అప్పన్నా?"

"ముప్పై ఏళ్లలో ఇలాటి సోట్లు ఎన్ని కప్పెట్టినానో సర్. ఒక్కటీ మీకు సెప్పలేదు. ఈ అమ్మి సెప్పినాది. ట్రాక్టరు తాళం దీనికిచ్చీండి."

ఇచ్చారు! ఇరవై ఏళ్లు నడిపాను. చెడిన చోటే ముందు చూపించే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. మొన్న కొత్త కోడలికి పులుసు వడ్డిస్తూ, తను ముద్ద కలపకముందే ఉప్పెక్కువైందని చెప్పేశాను.