అమ్మగారు కొట్టేయించిన వాక్యం

జామాయిల్ కర్రలతో సారపాక పేపరు మిల్లు వైపు వెళ్లే లారీ పక్కనుంచి దాటితే చాలు, ఆ ఘాటైన ఆకు వాసనకు నాకు సత్తుపల్లి దగ్గరి మా ఊరి చర్చి ముంగిలి గుర్తొస్తుంది. దాన్ని ఆనుకునే జామాయిల్ తోట ఉండేది. ఆ ముంగిట్లో చీపురు పట్టుకుని నిలబడే మనిషి మా పాస్టరుగారి భార్య. ఊరంతా అమ్మగారు అనేవాళ్లం. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. అప్పట్లో నేను ఖమ్మంలో ఒక సీనియర్ వకీలు దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆరాధనకు ఆలస్యంగా వస్తే, "లాయరమ్మా, దేవునికి గూడ వాయిదా ఇస్తున్నవా?" అని అందరి ముందూ ఎగతాళి చేసేది.

ఆ చర్చి స్థలం కొన్నది మా ఆడవాళ్ల పిడికెడు బియ్యంతో. ఎసరు పెట్టినప్పుడల్లా ప్రతి ఇంట్లో ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారం తెచ్చి పోస్తే అమ్మగారు వాటిని అమ్మించేది. ఏళ్ల తరబడి అలా కూడిన సొమ్ముతో స్థలం కొని, రిజిస్ట్రేషన్ మాత్రం పాస్టరుగారి సొంత పేరున చేయించారు. దైవసేవకుడి పేరున ఉంటే దేవుడి పేరున ఉన్నట్టేనని మా వాళ్ల నమ్మకం. ట్రస్టు పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో రోడ్డు పక్క స్థలాల ధరలు చెట్టెక్కాయి. అప్పటికే పాస్టరుగారు పోయారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ల ఒక్కగానొక్క కొడుకు లేచి నిలబడ్డాడు.

"స్థలం మా నాయన పేరు మీదున్నది. షాపులు కట్టేటాయనకు అమ్ముతున్న. మీకు ఊరవతల ఇంకో జాగ చూపిస్త" అన్నాడు.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. మా అమ్మ చేతిలో బియ్యం సంచి అలాగే ఉండిపోయింది. చట్టం చదివిన నాకు తెలుసు, కాగితం చూస్తే అతనిదే పైచేయి. అమ్మగారికీ అందులో వాటా వస్తుంది కాబట్టి కొడుకు వైపే ఉంటుందనుకున్నాం. ఆమె లేచింది.

"ఏందిరా నువ్వు అమ్మేది? గీ ఆడోళ్ల నోటికాడి బియ్యంరా ఇది. నమ్మి మీ నాయన పేరు మీద పెట్టిండ్రు, గంతే."

"అమ్మా, కాయితం నా దిక్కే ఉన్నది."

"అవ్, ఉన్నది. కోర్టుకు పో. నీ మీద సాక్ష్యం నేనే జెప్త."

కన్నతల్లి కొడుకు మొహం మీదే ఆ మాట అనేసరికి అతను విసురుగా వెళ్లిపోయాడు. తల్లి బోనెక్కితే నెగ్గలేవని ఎవరు చెప్పారో గానీ, కొన్నాళ్లకు స్థలాన్ని ట్రస్టుకు రాసివ్వడానికి ఒప్పుకున్నాడు. తల్లితో మాట్లాడటం మాత్రం మానేశాడు.

ట్రస్టు దస్తావేజు రాసే పని మా సీనియర్ నాకు అప్పగించారు. చర్చి, దాని వెనక పాస్టరు ఇల్లు ట్రస్టువి; సంఘం ఎన్నుకున్నవాళ్లే వాటిని చూసుకోవాలి; సొంతానికి ఎవరూ అమ్ముకోకూడదు. చివర నేనే ఒక వాక్యం చేర్చాను: అమ్మగారు బతికున్నంత కాలం ఆ ఇంట్లోనే ఉండవచ్చు. సంతోషిస్తుందనుకుని చదివి వినిపించాను.

"అది కొట్టెయ్ బిడ్డా."

"మీరు యాడికి పోతరు అమ్మగారూ? కొడుకు గూడ మాట్లాడడాయె."

"యాడికో పోత. ఇయ్యాల నా కోసం సందు పెడ్తివి. రేపు ఇంకో పాస్టరు గదే సందులకెల్లి కొడుకును తెస్తడు. కొట్టెయ్."

నా చేత్తోనే కొట్టేశాను. కొత్త పాస్టరు వచ్చేలోపే ఆమె ఇల్లు ఖాళీ చేసి, బజార్లో ఒక రేకుల గది కిరాయికి తీసుకుంది. వెనక్కి రమ్మని అందరం బతిమాలాం. తిట్టి పంపింది. ఆ గదిలోనే పోయింది.

ఇప్పటికి ఎన్నో చర్చిలకు ట్రస్టు దస్తావేజులు రాశాను. స్థలం ఎవరి పేరు మీదుందన్నదే మొదట అడుగుతాను. ఎవరో ఒక పాస్టరు భార్య కోసం, పాపం, ఒక్క వాక్యం చేర్చమని పెద్దలు అడిగితే కుదరదంటాను. అదే న్యాయమని నాకు తెలుసు. అలా అన్న ప్రతిసారీ అమ్మగారి మీద పట్టరాని కోపం వస్తుంది. ఏడుపూ వస్తుంది.